ప్రస్తుతానికి

బొమ్మనహళ్ళి ఫ్యాక్టరీలో సూది విరగడం రోజూ ఉండేదే. విరిగిన ముక్కలన్నీ దొరక్కపోతేనే కొంప మునుగుతుంది. అక్కడ కుట్టేవి పసిపిల్లల గౌన్లు. సముద్రాలు దాటిపోయే గౌనులో ఆవగింజంత ఇనుప ముక్క ఉండిపోయి ఏ బిడ్డకో గుచ్చుకుంటే ఫ్యాక్టరీకి తాళమే. అందుకని ఒక పద్ధతి పెట్టారు. సూది విరిగితే టైలరు చెయ్యెత్తాలి. సూపర్‌వైజరు వచ్చి ముక్కలన్నీ ఏరి, కాగితం మీద పేర్చి, టేపు అంటించి చూపిస్తేనే కొత్త సూది ఇస్తారు. ఒక్క ముక్క తగ్గినా లైను ఆగిపోతుంది. ఆ బల్ల చుట్టూ ఉన్న గౌన్లన్నీ పక్కకు పోతాయి, వాటితోపాటే ఆ రోజు టార్గెటూ పోతుంది. ఆ భయానికి ముక్కను ఏ సందులోనో తోసేసి గమ్మున కూర్చునే వాళ్ళూ లేకపోలేదు. అలా దాచినట్టు తేలిన మనిషిని మాత్రం ఆ పూటే ఇంటికి పంపేస్తారు.

బుధవారం మధ్యాహ్నం జయమ్మ సూది విరిగింది. జయమ్మ చెయ్యెత్తలేదు.

ఏడో లైను సూపర్‌వైజరు సౌమ్య నాలుగు మిషన్ల అవతల నిలబడి ఉంది. టక్కుమన్న చప్పుడు విని తిరిగి చూసేసరికి జయమ్మ ఎడమచేతి చూపుడువేలిని ఏప్రానులో చుట్టి గట్టిగా పట్టుకుని ఉంది. పెదవులు తెల్లగా పాలిపోయాయి. నీలం ఏప్రాను మీద నల్లటి మరక పాకుతోంది. జయమ్మ తలెత్తి సౌమ్య కళ్ళలోకి చూసింది, ఏం చెయ్యమంటావు అన్నట్టు.

ఏం చెయ్యాలో ఏడో లైనులో అందరికీ తెలుసు. నేర్పింది సౌమ్యే. వేలు గుచ్చుకుంటే గుడ్డపీలిక చుట్టుకోవాలి, కొళాయి దగ్గరికి పోయి కడుక్కుని రావాలి, నర్సు గది గడప మాత్రం తొక్కకూడదు. నర్సు కంప్యూటర్లో ఎక్కిస్తే గోడమీది బోర్డులో ఏడో లైను ఎదురుగా ఉన్న పచ్చ గుర్తు ఎర్రబడుతుంది. ఫ్లోర్ ఇన్‌చార్జి పోస్టు ఖాళీగా ఉంది. శుక్రవారం విదేశాల నుంచి కొనేవాళ్ళు చూడటానికి వస్తున్నారు. వాళ్ళ ఎదుట ఏ లైను పచ్చగా ఉంటే ఆ లైను సూపర్‌వైజరుకే ఆ కుర్చీ అని అందరూ అనుకుంటున్నారు. అనుకోవడమేమిటి, మేనేజరు మంజునాథ్ నోటితోనే చెప్పాడు.

సౌమ్య కనుబొమ్మ ఎగరేసి కొళాయి వైపు చూపించింది. జయమ్మ లేచి వెళ్ళిపోయింది. మొదటిసారి మిషను ముందు కూర్చున్న రోజున సౌమ్య చెయ్యి పట్టుకుని కాలరు కుట్టించింది ఈ జయమ్మే. ఆ సంగతి ఆ క్షణంలో సౌమ్యకు గుర్తురాలేదు. వచ్చినా కనుబొమ్మ అటే లేచేది.

సూది పై ముక్క మిషనులోనే ఉంది, నడిమి ముక్క గౌను మడతలో దొరికింది. మొన దొరకలేదు. సౌమ్య మోకాళ్ళ మీద కూర్చుని అయస్కాంతం కట్టిన కర్రతో బల్ల కింద నేలంతా తుడిచింది. పాత పిన్నులు, ఇనుప రజను వచ్చాయి గానీ మొన రాలేదు. అంతలో చేతిలోని ట్యాబ్లెట్ కిణుక్కుమంది.

ఆ ట్యాబ్లెట్ వెనక ఉన్నదానికి ఆడవాళ్ళు పెట్టుకున్న పేరు పైనమ్మ. ప్రతి మిషను మీదా కెమెరా కన్నొకటి వేలాడదీసి, ఎవరేం చేస్తున్నారో చూసి, ఎందుకు చేస్తున్నారో ఊహించే యంత్రం అది. బ్రూక్‌ఫీల్డ్‌ అనే పేటలోని ఒక చిన్న కంపెనీ తయారుచేసింది. అమర్చడానికి వచ్చిన చైతు అనే గుంటూరు కుర్రాడు సూపర్‌వైజర్లందరినీ కూర్చోబెట్టి బాగానే చెప్పాడు.

"చూడండీ, గుమ్మం ముందు చెప్పులుంటే మనిషి ఇంట్లో ఉన్నట్టే అనుకుంటాం కదా. అది డిఫాల్ట్. తర్వాత పక్కింటావిడ వచ్చి, ఆ చెప్పులు తెగిపోయాయండీ, వేరేవి వేసుకుని బజారుకెళ్ళింది అంటే, ఓహో అని మన మాట వెనక్కి తీసుకుంటాం. మా సిస్టమూ అంతే. అన్నీ తెలిసేదాకా ఆగితే పని జరగదు కాబట్టి, మామూలుగా ఏం జరుగుతుందో దాన్నిబట్టి ఒక మాట అనేస్తుంది. కొత్త సంగతి తెలిస్తే మార్చేసుకుంటుంది. దానికి ఈగో లేదండీ. అందుకే ప్రతి నిర్ణయానికీ ముందు 'ప్రస్తుతానికి' అని రాస్తుంది."

అది అడిగే ప్రశ్నకు చైతు మూడు బొత్తాలు పెట్టాడు: ఉంది, లేదు, తెలియదు. మూడోది మంజునాథ్ తీసేయించాడు. "తెలీదు అనేదానికి సూపర్‌వైజర్ ఎందుకప్పా? గేటుకాడ కుక్క చాలదా?" అన్నాడు. అందరూ నవ్వారు. సౌమ్య కూడా నవ్వింది.

ఇప్పుడు తెరమీద కన్నడంలో పైనమ్మ మాట వరసగా వచ్చింది. సూది మొన దొరకలేదు. టైలరు చేతిని ఏప్రానులో చుట్టుకుని, చెయ్యెత్తకుండా సీటు వదిలింది. నర్సు గదిలో గాయం నమోదు కాలేదు, కాబట్టి గాయం లేదు. ఇలాంటప్పుడు మామూలుగా ముక్కను దాచి ఉంటారు. ప్రస్తుతానికి: దాచింది. ఈ మాటను మార్చగల కారణం ఏదైనా ఉందా?

ఉంది. ఏప్రాను మీద మరకంత స్పష్టంగా ఉంది. సౌమ్య బొటనవేలు ఆ బొత్తం పైకి వెళ్ళింది కూడా. అప్పుడే మంజునాథ్ వచ్చి ఆమె భుజం మీదుగా తెరను చూశాడు. అతని ఊపిరిలో వక్కపొడి వాసన.

"ఏమైంది సౌమ్యా? ఏదైనా కారణం ఉండాదా?"

ఉందంటే గాయమనాలి. గాయమంటే బోర్డు ఎర్రబడుతుంది. గాయం ఎందుకు దాచావని జయమ్మను అడిగితే తన పేరు బయటికొస్తుంది. సాయంత్రానికి ఎక్కడో ఒకచోట మొన దొరక్కపోదు, అప్పుడు మార్చుకోవచ్చు, అది మాట వెనక్కి తీసుకునే యంత్రమే కదా అనుకుంది సౌమ్య. అబద్ధమని అనుకోలేదు. ప్రస్తుతానికి అనుకుంది. 'లేదు' నొక్కింది.

జయమ్మ తడి గుడ్డపీలిక చుట్టిన వేలిని పిడికిట్లో దాచుకుని తిరిగొచ్చింది.

"యాడికి పోయినావు?" అన్నాడు మంజునాథ్.

జయమ్మ సౌమ్య వైపు చూసింది. సౌమ్య అయస్కాంతానికి అంటిన పిన్నులు పీకుతోంది.

"నీళ్ళు తాగను పోయింటి సార్."

"సూది ఇరిగిపోతే నీళ్ళు తాగను పోతారా? మొన యాడ పెట్టినావు?"

"నాకు తెలీదు సార్. దేవుడిసాక్షిగా తెలీదు."

నిజంగానే ఆమెకు తెలియదు. వేలు మంటపుడుతోంది, అంతే. మంజునాథ్ ఎక్కువ మాట్లాడలేదు. విచారణ అయ్యేదాకా రావద్దని బ్యాడ్జి తీసుకుని గేటు బయటికి పంపాడు. ఏడో లైను గౌన్లన్నీ ఎర్ర డబ్బాల్లోకి పోయాయి. బోర్డు మీద మాత్రం పచ్చ గుర్తు పచ్చగానే ఉంది.

ఆ సాయంత్రం సౌమ్య జయమ్మ ఇంటికి వెళ్ళింది. ఫ్యాక్టరీ వెనక సందులో ఒంటిగది ఇల్లు. జయమ్మ కుడిచేత్తో రాగిముద్ద గెలుకుతూ ఎడమచేతిని తలకంటే ఎత్తుగా అలమరా మీద ఆనించుకుని ఉంది. కిందికి దించితే సలుపు ఆగడం లేదట.

"చూడు అమ్మణ్ణీ, లోపల ఏదో ఉన్నట్టే ఉండాది. తాకితే జివ్వుమంటాది."

సౌమ్య పీలిక విప్పింది. గోరు మధ్యలో చిల్లి, దాని కింద నల్లగా గీతలాంటిది. ఎన్నో ఏళ్ళుగా సూదులతో బతుకుతున్న మనిషికి అదేమిటో తెలియకపోవడమేమిటి? పీలికను మళ్ళీ అంతే చక్కగా చుట్టింది.

"రక్తం గడ్డ కట్టిండాది అక్కా. సూది గుచ్చుకుంటే అట్లే ఉంటాది."

"ఆస్పత్రికి పోదామా అని."

"పోతే వాళ్ళు ఎట్ల తగిలింది, యాడ తగిలింది అని రాస్తారు. ఆ రాసింది ఫ్యాక్టరీకి వస్తాది. శుక్రవారం దాకా ఓర్చుకో. వచ్చినోళ్ళు పోనీ. ఆమీట కారణం ఉండాదని నేనే చెప్తా. అది మాట మార్చుకుంటాది. నిన్ను మళ్ళా పిలుస్తారు. రెండు దినాలు, అంతే."

"నువ్వు చెప్తే చాలు," అంది జయమ్మ. నమ్మకంగానే అంది. "నీళ్ళు తాగను పోయింటినని అన్యాయంగా అబద్ధం చెప్పినా చూడు. నీ పేరు రాకూడదని నోటికొచ్చింది అనేస్తి."

సౌమ్య మందులషాపులో నొప్పి మాత్రలు కొని ఇచ్చి వచ్చింది. అదొక్కటి చేసినందుకే ఆమెకు తను మంచిదాన్నేననిపించింది. మనిషి మనసు ఎంత చవగ్గా సర్దుకుంటుందో!

గురువారం ఎర్ర డబ్బాల్లోని గౌన్లన్నిటినీ ఇనుము పట్టే మిషనులోంచి పోనిచ్చారు. పెట్టెలాంటి మిషను, మధ్యలో సొరంగం, సొరంగంలో కదిలే బెల్టు. బెల్టు మీద గౌను పెడితే లోపలికి పోయి అవతల బయటికొస్తుంది. ఇనుము ఉంటే కుయ్యిమని బెల్టు ఆగిపోతుంది. పొద్దున మొదలుపెడితే భోజనాల గంట కొట్టేదాకా ఒక్కసారీ ఆగలేదు.

చైతు తెర మీద గీత పైకి ఎక్కడం చూపించాడు. "నేల మీద లేదు, బట్టల్లో లేదు. సో, ఆవిడ దగ్గరే ఉందన్న నమ్మకం పెరుగుతుంది. కానీ ఒకటి గమనించారా సౌమ్యగారూ? ఇది మిమ్మల్ని మళ్ళీ మళ్ళీ అడుగుతోంది. ఎక్కడో దానికి డౌటుంది. దగ్గరుండి చూసింది మీరే కాబట్టి మీ మాటకి చాలా వెయిట్ ఇచ్చాం. మీరు లేదు అన్న ప్రతిసారీ గీత పైకి పోతుంది."

ఆ రోజు ట్యాబ్లెట్ ఎన్నిసార్లు కిణుక్కుమంటే అన్నిసార్లూ సౌమ్య 'లేదు' నొక్కింది. మొదట్లో బొటనవేలు ఆగేది. మధ్యాహ్నం తర్వాత మిషన్ల మధ్య నడుస్తూనే, పక్క టైలరుతో మాట్లాడుతూనే నొక్కేసింది.

శుక్రవారం కొనేవాళ్ళు వచ్చారు. తెల్లటి టోపీలు పెట్టుకుని లైన్ల మధ్య తిరిగారు. ఏడో లైను ముందు ఆగి, బోర్డు చూసి, బాగుందన్నారు. వాళ్ళ కారు గేటు దాటగానే మంజునాథ్ అందరి ముందూ సౌమ్యకు ఇన్‌చార్జి అని రాసి ఉన్న కొత్త బ్యాడ్జి తగిలించాడు. చప్పట్లు ఇంకా ఆగకముందే గేటు వాచ్‌మన్ వచ్చి జయమ్మ వచ్చిందని చెప్పాడు.

రెండు దినాలని సౌమ్య అంది కదా, లెక్కకు వచ్చింది. చెయ్యి మణికట్టు దాకా వాచి ఉంది. కొంగు కప్పుకుంది.

"రానీ," అన్నాడు మంజునాథ్. ముఖంలో ఉత్సాహం కనిపించింది. "బట్టల్లో లేదు, నేల మీద లేదు. ఒంటి మీదే పెట్టుకుని పోయింటాది. అందరూ చూడండి."

జయమ్మను ఇనుము పట్టే మిషను దగ్గరికి తీసుకొచ్చి గాజులు తియ్యమన్నాడు. జయమ్మ సౌమ్య కొత్త బ్యాడ్జి వైపు చూసి, ఒక్కొక్కటే తీసింది. కుడిచెయ్యి బెల్టు మీద పెట్టించాడు. గౌన్లు పోయినట్టే చెయ్యి మోచేతి దాకా సొరంగంలోకి పోయింది. జయమ్మ మిషనుకు ఒరిగి వంగిపోయింది. శబ్దం రాలేదు.

"ఎడమ చెయ్యి."

"సార్, అది నొప్పిగా..."

"పెట్టు!"

బెల్టు జానెడు కదిలిందో లేదో కుయ్యిమంది. ఎర్ర దీపం వెలిగింది. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. "సిక్కితు! దొరికింది!" అని ఒక గొంతు అరిచింది. మంజునాథ్ దొంగను పట్టినవాడిలా ఆ పీలికను పట్టుకుని లాగాడు. జయమ్మ పెట్టిన కేకకు మిషన్లన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి.

పీలికలో ఏమీ లేదు. వేలు లేత వంకాయంత వాచి నల్లబడి ఉంది. గోరు చిల్లిలోంచి చీము కారుతోంది. చైతు దగ్గరికొచ్చి చూసి ముఖం తిప్పుకున్నాడు. తర్వాత, చెయ్యడానికి ఇంకేమీ తోచని మనిషిలా, కొత్త సంగతిని ట్యాబ్లెట్‌లో ఎక్కించాడు. కన్ను మూసి తెరిచేలోగా పైనమ్మ మాట వెనక్కి తీసుకుంది. దాచలేదు అని రాసింది. ఆ హాలులో అంత తేలిగ్గా తన తప్పు ఒప్పుకున్నది అదొక్కటే.

వెంటనే కింద ఇంకో వరస వచ్చింది. గాయం అయింది. గాయం సంగతి టైలరు చెప్పలేదు. సూపర్‌వైజరుకు ఏ కారణమూ తెలియదు. ప్రస్తుతానికి: గాయాన్ని దాచింది. ఈ మాటను మార్చగల కారణం ఏదైనా ఉందా?

"సూది ఒంట్లో పెట్టుకుని రెండు దినాలు అందరినీ ఆడించిందప్పా!" అన్నాడు మంజునాథ్. సౌమ్య వైపు తిరిగాడు. "నీకు తెలుసునా?"

సౌమ్యకు బ్యాడ్జి పిన్ను రవికలోంచి గుచ్చుకుంటోంది. ఇప్పుడు చెప్పాలి. తనే పంపానని, తనే వద్దన్నానని, తన మాట విన్నందుకే ఆ మనిషి రెండు రోజులు ఆస్పత్రికి పోలేదని. ఇంతకంటే మంచి సమయం ఇంకెప్పుడూ రాదు.

"సౌమ్యమ్మకి తెలీదు సార్," అంది జయమ్మ. నొప్పికి పళ్ళు కరుచుకుని అంది. "నేనే చెప్పలేదు. భయపడి చెప్పలేదు."

సౌమ్య 'లేదు' నొక్కింది.

గేటు దాకా తనే నడిపించుకొచ్చి ఆటో ఎక్కించింది. జయమ్మ మంచి చేత్తో ఆమె చెయ్యి పట్టుకుని గుసగుసగా అడిగింది. "నువ్వు పై సీటుకి పోయినావు. ఇంక నీ మాట చెల్తాది. మళ్ళా పిలిపిస్తావు కదా అమ్మణ్ణీ?"

"నా మీద ఒట్టు అక్కా. వేలు నయం చేసుకుని రా. ఈసారి నేనే చెప్తా."

వారం తిరిగేసరికి ఫ్యాక్టరీలో కొత్త పద్ధతి వచ్చింది. షిఫ్టు దిగే ప్రతి ఆడమనిషీ గాజులు తీసి, రెండు చేతులూ బెల్టు మీద పెట్టి, అవి సొరంగంలోకి పోయి వచ్చాకే ఇంటికి పోవాలి. సూది ఒంట్లో కూడా ఉండొచ్చునని పైనమ్మ జయమ్మ దగ్గర నేర్చుకుంది. ఒక్క చెయ్యి కుయ్యిమన్నందుకు ఇప్పుడు అన్ని చేతుల మీదా అనుమానమే. దగ్గర నిలబడి చూసే పని ఫ్లోర్ ఇన్‌చార్జిది.

గురువారం సాయంత్రం జయమ్మ వచ్చింది. చూపుడువేలు నడిమి కణుపు దాకా తీసేశారు. ఆలస్యమైందన్నారట డాక్టర్లు, రెండు దినాలు ముందొచ్చుంటే సూది తీసి కట్టు కట్టి పంపేవాళ్ళమన్నారట. ఆ మాట ఎవరినీ పొడవడానికి కాకుండా, ఉన్న సంగతి చెప్పినట్టే చెప్పింది.

"మిషను కుట్టలేను. దారాలు కత్తిరించే పనైనా చాలు. మడతలు పెట్టేదైనా చేస్తా. చందాపురలో నాలుగు ఫ్యాక్టరీలు తిరిగితిని, ఆడా పైనమ్మే ఉండాది. పేరు కొడితే గాయం దాచిన మనిషి అని వస్తా ఉందంట. యాడా తీసుకోరంట."

గేటు ఊచల మధ్య నుంచి సౌమ్య ఆ చేతిని చూసింది. తెల్లటి కట్టు, మొండిగా. ఆ నిమిషంలో ఆమెకు ఏడుపొచ్చింది, నిజంగానే వచ్చింది. చాలు, ఇక చాలు అనుకుంది. కుర్చీ పోతే పోనీ. "ఉండక్కా, ఇప్పుడే వస్తా," అని లోపలికి పరుగులాంటి నడకతో వచ్చింది.

ట్యాబ్లెట్ తీసి, కొత్తగా పనిలోకి తీసుకునే చోట జయమ్మ పేరు కొట్టింది. బొటనవేలు సిద్ధంగా పెట్టుకుంది. ఎడమవైపు బొత్తం. ఉంది. నేనే పొమ్మన్నాను. నేనే వద్దన్నాను. చెప్పాల్సిన మాటలన్నీ నోట్లో పేర్చుకుంది.

గాయం దాచిన మనిషి. తీసుకోవద్దు. ఇన్‌చార్జి అభిప్రాయం: మార్చగల కారణం లేదు.

అంతే వచ్చింది. ప్రశ్న రాలేదు. బొత్తాలు రాలేదు. వెనక్కి పోయి మళ్ళీ కొట్టింది. మళ్ళీ అదే. చైతుకు ఫోన్ చేసింది.

"ఆఁ, అదా సౌమ్యగారూ! సోమవారం అప్‌డేట్ చేశాం," అన్నాడు చైతు. "అడిగిన ప్రతిసారీ మీరు లేదనే అన్నారు కదా, ఒక్కసారి కూడా వేరే చెప్పలేదు. మామూలుగా సౌమ్యగారు లేదనే అంటారు అని అది నేర్చేసుకుంది. ఇంక మిమ్మల్ని డిస్టర్బ్ చెయ్యకుండా తనే వేసేసుకుంటుంది. మీ టైము కూడా సేవ్ అవుతుంది."

"మార్చాలంటే?"

"మీరు మార్చలేరండీ. మంజునాథ్ సార్ మార్చొచ్చు. ఆయనకి వెళ్ళి నోటితో చెప్పండి, రెండు నిమిషాల పని. ఎందుకు, ఏమైనా ఉందా?"

గాజు గదిలో మంజునాథ్ ఫోన్‌లో ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతున్నాడు. సౌమ్యను చూసి, రా అన్నట్టు తలాడించాడు. తలుపు వారగా తెరిచే ఉంది. లోపలికి పోతే బొటనవేలితో అయ్యే పని కాదది. ఆ కళ్ళలోకి చూస్తూ మొదటి నుంచీ చెప్పాలి. కనుబొమ్మ ఎగరేసిన దగ్గర్నుంచి చెప్పాలి. సౌమ్య తలుపు దాకా పోయింది. పిడి మీద చెయ్యి కూడా వేసింది.

"ఏం సౌమ్యా, ఏమన్నా ఉండాదా?" అన్నాడు ఫోన్ చెవి మీంచి తీసి.

"ఏం లేదు సార్," అంది.

ఫోన్‌లో చైతు ఇంకా లైన్లోనే ఉన్నాడు. అతనికీ అదే చెప్పి పెట్టేసింది.

గేటు దగ్గర జయమ్మ కట్టు కట్టిన చేతిని గుండెకు ఆనించుకుని నిలబడి ఉంది. సౌమ్య ముఖం చూడగానే విషయం అర్థమైంది.

"అది ఒప్పుకోలేదక్కా," అంది సౌమ్య. "నా చేతిలో ఏం పెట్టలేదు. నేను ఎంత చెప్పినా..." అక్కడ ఆగిపోయింది.

"పోనీలే అమ్మణ్ణీ. నువ్వుగాబట్టి లోపలికి పోయి అడిగినావు. ఇంకొకరైతే గేటు దాకా గూడా వచ్చుండరు." జయమ్మ కొంగు సర్దుకుంది. "మళ్ళా ఎప్పుడన్నా అది అడిగితే మాత్రం ఉండాదని చెప్పు. మర్చిపోవద్దు."

"చెప్తానక్కా."

ఇక అది అడగదని సౌమ్యకు తెలుసు.